బిజినెస్సా, ఎకనామిక్సా? అది తేల్చుకున్నాకే అప్లికేషన్ల సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇప్పుడు పదకొండో తరగతి. బిజినెస్, ఎకనామిక్స్ రెండూ ఇష్టమే. బ్రిటన్, అమెరికాల్లో గట్టి పోటీ ఉండే డిగ్రీ కోర్సులకు అప్లై చేయాలని ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎన్నింటికి వేయాలి, దేని మీద ఎక్కువ కష్టపడాలి?

నేను ఈ పని రెండుసార్లు చేశాను. 2018లో మొదటిసారి వేసి చెడగొట్టుకున్నాను. ఏడాది ఆగి 2019లో మళ్లీ వేశాను, అప్పుడు ఎకనామిక్స్‌లో సీటు వచ్చింది. 2025లో మా తమ్ముడి వంతు. వాడి పక్కన కూర్చుని ఇంకోసారి అంతా చూశాను. కాబట్టి ఏం చేయాలన్నదాని కంటే ఏం చేయకూడదన్నది నాకు కొంచెం ఎక్కువ తెలుసు.

ముందు నా నిర్వాకం చెప్తాను. బ్రిటన్‌లో డిగ్రీ అప్లికేషన్లు దాదాపు అన్నీ యూకాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ సంస్థ ద్వారానే వెళ్తాయి. మొత్తం ఐదు ఛాయిస్‌లు. ఐదింటికీ ఒకటే పర్సనల్ స్టేట్‌మెంట్ (ఆ కోర్సు ఎందుకో మన గురించి మనం రాసుకునే వ్యాసం), ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోటి రాయడం కుదరదు. నేనేం చేశానంటే మూడు ఎకనామిక్స్, రెండు మేనేజ్‌మెంట్ పెట్టాను. ఎటు వచ్చినా వెళ్లిపోవచ్చు కదా అని! స్టేట్‌మెంట్‌లో సగం ద్రవ్యోల్బణం గురించి, సగం స్కూల్ ఫెస్ట్‌కి స్పాన్సర్లను ఎలా పట్టుకొచ్చానో దాని గురించి. ఎకనామిక్స్ వాళ్లకు రెండో సగం వృథా, మేనేజ్‌మెంట్ వాళ్లకు మొదటి సగం వృథా. రెండు పడవల మీద కాళ్లు పెట్టాను, నాలుగు చోట్ల రిజెక్ట్ అయ్యాను. ఐదోది ఒక మేనేజ్‌మెంట్ కోర్సు, ఆఫర్ ఇచ్చారు. తీరా చేతిలోకి వచ్చాక నాకది చదవాలని లేదని అర్థమైంది. అది ముందే తెలిసుంటే ఒక సంవత్సరం మిగిలేది.

అందుకే, ఎన్నింటికి వేయాలి అనేదాని కంటే ముందు బిజినెస్సా ఎకనామిక్సా అన్నది తేల్చుకోండి. డిగ్రీ స్థాయిలో ఇవి కవలలు కావు, దూరపు చుట్టాలు. పేరున్న చోట్ల ఎకనామిక్స్ అంటే చాలావరకు మ్యాథ్సే. కాలిక్యులస్, స్టాటిస్టిక్స్, మోడల్స్. ఎల్ఎస్ఈలో (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) బీఎస్సీ ఎకనామిక్స్‌కి ఏ లెవెల్స్‌లో, అంటే బ్రిటిష్ సిలబస్ పన్నెండో తరగతి పరీక్షల్లో, అడిగే గ్రేడ్లు ఏ స్టార్, ఏ, ఏ. అందులో ఏ స్టార్ మ్యాథ్స్‌లోనే ఉండాలి. బిజినెస్, మేనేజ్‌మెంట్ అయితే అకౌంటింగ్, మార్కెటింగ్, సంస్థలు ఎలా నడుస్తాయి, మనుషులతో పని ఎలా చేయించాలి, ఇలాంటివి. అక్కడా లెక్కలు ఉంటాయి, కానీ వాటి బరువు వేరు.

కోర్సు పేర్లు చూసి మోసపోకండి. పెన్ (యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా) వాళ్ల బిజినెస్ స్కూల్ వార్టన్‌లో ఫైనాన్స్ చదివినా మార్కెటింగ్ చదివినా చేతికిచ్చే డిగ్రీ పేరు బీఎస్ ఇన్ ఎకనామిక్స్. అసలైన ఎకనామిక్స్ మేజర్ అదే యూనివర్సిటీలో, పెన్‌లో, ఇంకో కాలేజీ కింద ఉంటుంది, అక్కడిచ్చేది బీఏ. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో డిగ్రీ స్థాయిలో బిజినెస్ మేజరే లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒంటరిగా ఎకనామిక్స్ దొరకదు, మేనేజ్‌మెంట్‌తోనో, ఫిలాసఫీ-పాలిటిక్స్‌తోనో, చరిత్రతోనో కలిపే చదవాలి. కేంబ్రిడ్జ్‌లో ఎకనామిక్స్ ఉంది, కానీ మొదటి సంవత్సరం నుంచే చదివే బిజినెస్ డిగ్రీ లేదు. పేర్లు పక్కన పెట్టి, మొదటి రెండేళ్లలో చదవాల్సిన పేపర్ల జాబితా తీసి చూడండి. అసలు కోర్సు అందులోనే కనిపిస్తుంది.

తేల్చుకోవడానికి మా తమ్ముడితో నేను చేయించిన పని ఒకటి చెప్తాను. ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో 14.01 అని మైక్రో ఎకనామిక్స్ మొదటి కోర్సు ఉచితంగా ఉంటుంది, ప్రాబ్లమ్ సెట్లతో సహా. అందులో ఒక సెట్, అదే సైట్‌లో ఒక అకౌంటింగ్ కోర్సు నుంచి ఒక అసైన్‌మెంట్ ఇచ్చి, రెండు ఆదివారాలు వాడి మానాన వదిలేశాను. మార్కులేమీ వేయలేదు. రెండింట్లో దేనికోసం భోజనానికి పిలిచినా లేవలేదో అది మాత్రం గమనించాను. వాడిది ఎకనామిక్స్ అని అలాగే తేలింది. మీది ఇంకోటి కావచ్చు, తప్పేం లేదు. అయితే తెలుసుకోవాల్సింది ఇప్పుడు, పదకొండో తరగతిలో. ఎందుకంటే సబ్జెక్టులు మార్చుకునే అవకాశం తర్వాత ఉండదు. ఎకనామిక్స్ వైపు అయితే ఏ లెవెల్స్‌లో మ్యాథ్స్ తప్పనిసరి, మీ స్కూల్లో ఫర్దర్ మ్యాథ్స్ ఉంటే అదీ తీసుకోండి. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అయితే మ్యాథ్స్‌లో ఎనలైసిస్ అండ్ అప్రోచెస్ హయ్యర్ లెవెల్ తీసుకోండి. ఈ ఒక్క నిర్ణయం తర్వాత మీరు రాసే వ్యాసాలన్నిటికంటే పెద్దది.

ఇక టైమ్. దీన్ని చివరి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు గడువు అక్టోబర్ 15, బ్రిటన్ టైమ్ సాయంత్రం 6 గంటలు. ఒకే ఏడాది రెండింటికీ వేయకూడదు, ఒకటి ఎంచుకోవాలి. మిగతా వాటికి జనవరి మధ్య వరకు ఉంటుంది. 2026 అడ్మిషన్లకు అది జనవరి 14. అయితే ఈ తేదీలను నమ్ముకుని కూర్చోకండి. మీరు ఫారం నింపి సబ్మిట్ కొడితే అది నేరుగా యూకాస్‌కి పోదు, ముందు మీ స్కూల్‌కి వెళ్తుంది. వాళ్లు రెఫరెన్స్ (మీ గురించి టీచర్లు రాసే మాట), ప్రెడిక్టెడ్ గ్రేడ్లు (మీకు ఏ గ్రేడ్లు రావొచ్చో వాళ్ల అంచనా) జోడించాకే బయటికి పంపుతారు. కాబట్టి మీ అసలు గడువు మీ స్కూల్ చెప్పే తేదీ. అది రెండు మూడు వారాలు ముందుంటుంది.

అన్నిటికంటే ముందొచ్చేది ఎవరూ గట్టిగా చెప్పనిది: ఎంట్రన్స్ టెస్ట్ రిజిస్ట్రేషన్. కేంబ్రిడ్జ్ ఎకనామిక్స్‌కి టీఎంయూఏ అనే మ్యాథ్స్ పరీక్ష రాయాలి. ఇంకొన్ని చోట్ల కూడా దీన్ని అడుగుతారు, మీ ఐదింటిలో ఏవి అడుగుతున్నాయో కోర్సు పేజీలో చూసుకోండి. యూకాస్‌లో అప్లై చేస్తే ఈ పరీక్షకు పేరు నమోదైపోదు. అది వేరే పని, వేరే అకౌంట్, వేరే ఫీజు. అక్టోబర్ పరీక్షకు రిజిస్ట్రేషన్ సెప్టెంబర్‌లోనే మూసేస్తారు. మా తమ్ముడు స్టేట్‌మెంట్‌లో ఒక్కో వాక్యం చెక్కుతూ కూర్చుని, గడువు నాలుగు రోజుల్లో ఉందనగా దీని సంగతి గుర్తు తెచ్చుకున్నాడు. దగ్గర్లోని సెంటర్‌లో స్లాట్లు అప్పటికే అయిపోయాయి. ముందు రోజు రాత్రే బయల్దేరి దూరంగా ఉన్న సెంటర్‌కి వెళ్లి రాయాల్సి వచ్చింది. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కోటి 75 నిమిషాలు, 20 ప్రశ్నలు, కాలిక్యులేటర్ ఉండదు. మొదటి పేపర్ మీ సిలబస్‌లోని మ్యాథ్సే కానీ మెలికలు పెట్టి అడుగుతారు. రెండోది తర్కం. ఫలానాది నిజమైతే ఇది నిజం అని ఇచ్చి, దాన్ని తిరగేస్తే నిలబడుతుందా అని అడుగుతారు. బట్టీ పట్టేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. 2016 నుంచి పాత పేపర్లు ఉన్నాయి, వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.

స్టేట్‌మెంట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. నా రోజుల్లో అది ఒకే ముక్కగా రాసే వ్యాసం. 2026 అడ్మిషన్ల నుంచి మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ కోర్సు ఎందుకు, మీ చదువు దీనికి మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఇంకేం చేశారు. మూడూ కలిపి 4,000 అక్షరాలు, ఖాళీలతో సహా. ఒక్కో జవాబు కనీసం 350 అక్షరాలు ఉండాలి. నా దృష్టిలో ఈ మార్పు మంచిదే. నాలాంటివాళ్లు మొదటి పేరాలో కవిత్వం రాసే అవకాశం పోయింది.

నా మొదటి స్టేట్‌మెంట్ "చిన్నప్పటి నుంచి నాకు ఆర్థిక వ్యవస్థ అంటే ఆసక్తి" అని మొదలైంది. మా మ్యాథ్స్ టీచర్ అది చదివి, పెన్నుతో గీత కొట్టి, "చిన్నప్పుడు నీకు కార్టూన్లంటే ఆసక్తి" అన్నారు. రెండోసారి రాసేటప్పుడు నేను నిజంగా చూసిన విషయం ఒకటి తీసుకున్నాను. మా స్కూల్లో పాత పుస్తకాలు అమ్మిపెట్టే పని కొన్నాళ్లు చేశాను. పుస్తకం లోపల పేజీలు చిరిగాయో లేదో కొనేవాడికి పైనుంచి తెలియదు. అందుకని అందరూ సగటు ధరే ఇస్తామనేవాళ్లు. పుస్తకాన్ని కొత్తదానిలా ఉంచుకున్నవాళ్లు ఆ ధరకు అమ్మబుద్ధి కాక మానేశారు. చివరికి నా టేబుల్ మీద మిగిలినవన్నీ చిరుగుపాతలే. ఇదే సంగతిని పాత కార్లను ఉదాహరణగా తీసుకుని జార్జ్ అకర్లాఫ్ 1970లోనే ఒక పేపర్‌లో రాశాడనీ, 2001లో ఆయనకు వచ్చిన నోబెల్‌కి ఇలాంటి పనే కారణమనీ నాకు తర్వాత తెలిసింది. ఆ పేపర్ చదివి, మరి నేను పేజీలు లెక్కపెట్టి కవర్ మీద స్టిక్కర్ వేస్తే మంచి పుస్తకాలు మళ్లీ ఎందుకు వచ్చాయో దాని లెక్కతో సరిచూశాను. అదే స్టేట్‌మెంట్‌కి ప్రాణం అయింది. గొప్ప ఇంటర్న్‌షిప్పులేమీ లేవు. చూసిన ఒక చిన్న విషయం, దాని వెంట పడి చదివిన ఒక పేపర్, మిగిలిపోయిన ఒక సందేహం. అంతే.

ఇదే పుస్తకాల టేబుల్‌ని మేనేజ్‌మెంట్ కోర్సు కోసం రాస్తే వేరేలా రాయాలి. నమ్మకం ఎలా కలిగించాను, ధర ఎలా పెట్టాను, ఇద్దరు జూనియర్లకు పని ఎలా పంచాను అని. సరుకు ఒకటే, దుకాణం వేరు. రెండూ ఒకే స్టేట్‌మెంట్‌లో కుక్కితేనే నాకు జరిగినట్టు జరుగుతుంది.

అమెరికా సంగతికొస్తే, అక్కడ వాళ్లకు సబ్జెక్టుతో పాటు మనిషి కూడా కావాలి. చాలా కాలేజీలకు ఒకే ఫారంతో వేసే కామన్ యాప్‌ని ఆగస్టు 1న తెరుస్తారు, అందులో 20 కాలేజీల వరకు వేయొచ్చు, ప్రధాన వ్యాసం 650 పదాలు. దీంట్లో అకర్లాఫ్‌ని దించకండి, మీ గురించి రాయండి. పైగా ఒక్కో కాలేజీ విడిగా అడిగే చిన్న వ్యాసాలు ఉంటాయి, అసలు నడుము విరిగేది వాటితోనే. 20 వేయొచ్చు కదా అని 20 వేస్తే వాటి నాణ్యత పడిపోతుంది. ఎనిమిది దాటొద్దని నా అభిప్రాయం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్ల ఫారం వేరే. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 పదాల చొప్పున రాయాలి. శాట్ స్కోరు వాళ్లు చూడనే చూడరు. పెన్ మాత్రం శాట్ లేదా అలాంటిదే ఇంకో ప్రవేశ పరీక్ష ఏసీటీ మళ్లీ తప్పనిసరి చేసింది. కాబట్టి లిస్టు ఖరారు చేశాకే శాట్‌కి ఎన్నిసార్లు కూర్చోవాలో ఆలోచించండి.

ఎర్లీ డెసిషన్ గురించి, అంటే ఒకే కాలేజీని ఎంచుకుని అందరికంటే ముందు వేసే అప్లికేషన్ గురించి, ఒక హెచ్చరిక. గడువు చాలాచోట్ల నవంబర్ 1. సీటు వస్తే చేరతానని మాటిచ్చినట్టే, మిగతావన్నీ వెనక్కి తీసుకోవాలి. ఇంకో కాలేజీ ఎంత ఎయిడ్ (ఆర్థిక సాయం) ఇస్తుందో పోల్చి చూసుకునే వీలుండదు. డబ్బు ముఖ్యమైన ఇళ్లలో ఈ నిర్ణయం పిల్లలు ఒక్కరే తీసుకోకూడదు. ఇంకోటి, విదేశీ విద్యార్థుల విషయంలో ఆర్థిక స్థోమత చూడకుండా సీటిచ్చే కాలేజీలు కొన్నే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ అందులో ఉన్నాయి. పెన్ అలా కాదు, ఎయిడ్ అడిగారా లేదా అన్నది విదేశీయుల విషయంలో లెక్కలోకి వస్తుంది. ఈ ఆరింటిలో ఎంఐటీ తప్ప మిగతా వాటిలో బిజినెస్ మేజర్ లేదని గమనించండి. అంటే, బిజినెస్ మాత్రమే చదువుతాను, ఎయిడ్ కూడా కావాలి అంటే మీ లిస్టు బాగా కుదించుకుపోతుంది. ఎకనామిక్స్ అంటే కొంచెం ఊపిరాడుతుంది.

ఐదు యూకాస్ ఛాయిస్‌ల పంపకం ఇలా పెట్టండి: రెండు ఆశ కొద్దీ, రెండు మీ ప్రెడిక్టెడ్ గ్రేడ్లకు సరిపోయేవి, ఒకటి అంతకంటే ఒక మెట్టు తక్కువ అడిగేది. ఆ ఐదోది కూడా మీరు నిజంగా వెళ్లగలిగే చోటు అయి ఉండాలి. ఆఫర్లు వచ్చాక ఒకటి ఫర్మ్ (మొదటి ఎంపిక)గా, ఒకటి ఇన్సూరెన్స్ (గ్రేడ్లు తగ్గితే ఆదుకునేది)గా ఉంచుకోనిస్తారు. రెండూ చేజారితే మిగిలేది క్లియరింగ్, అంటే నిండని సీట్ల కోసం ఆఖరి వేట. నా ఫ్రెండ్ ఒకడు రెండూ ఒకే గ్రేడ్లు అడిగేవి పెట్టుకున్నాడు, రెండూ పేరున్నవే కదా అని. ఆగస్టులో ఒక్క సబ్జెక్టులో ఒక్క గ్రేడ్ తగ్గింది. పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి, "రెండూ పోయాయిరా, క్లియరింగ్ అంటే ఏంటి?" అని అడిగాడు.