తీసేసిన తేదీ ముఖ్యం

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాలుగేళ్లు క్వాలిటీ సెక్షన్‌లో చేశాను, జీతం 16,500. యాంటీబయాటిక్ పరీక్షల రిజిస్టర్‌లో, శాంపిల్ ల్యాబ్‌కి రాకముందే వారం మొత్తానికి 'నిల్' అని ఒకే పెన్నుతో రాసేస్తుంటే మేనేజర్‌కి చెప్పాను, ఆయన పట్టించుకోకపోతే హెడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను. కొద్ది రోజులకే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేసి 'రేపట్నుంచి రావద్దన్నారు' అన్నాడు. కాగితం లేదు, ఆఖరి నెల జీతమూ లేదు. అడిగితే సీజన్ మొదలైతే పిలుస్తాం అంటున్నారు. ఎనిమిది నెలలైంది. నిజం చెప్పినవాళ్లను కాపాడే చట్టం ఉందట కదా, దాని కింద కేసు వేయొచ్చా? గడువు దాటిపోయిందా?

జవాబు: దాటలేదు. కానీ సీజన్‌కి పిలుస్తారని చూస్తూ కూర్చుంటే దాటిపోతుంది. యాజమాన్యంతో ఎన్నిసార్లు మాట్లాడినా, వాళ్లు ఎన్ని మాటలిచ్చినా గడువు ఆగదు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

మీరు విన్న చట్టం 2014 నాటిది. అది ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి మీద ఫిర్యాదులకు చేసింది, పైగా దాన్ని ఇంతవరకు అమల్లోకే తేలేదు. జాతీయ రహదారి పనుల్లో అక్రమాల మీద ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబేని 2003లో గయలో చంపేశారు, ఆ తర్వాత దేశమంతా అడిగితే పదకొండేళ్లకు వచ్చిన చట్టం అది, ఇప్పటికీ కాగితం మీదే ఉందంటే నాకు మింగుడు పడదు. ప్రైవేటు కంపెనీలకైతే కంపెనీల చట్టం 177వ సెక్షన్ ఉంది. షేర్ మార్కెట్‌లో లిస్టయినవి, జనం దగ్గర డిపాజిట్లు తీసుకున్నవి, బ్యాంకుల్లో 50 కోట్లకు మించి అప్పున్నవి, ఫిర్యాదు చేసినవాళ్లను వేధించకుండా ఒక ఏర్పాటు పెట్టాలి. మీ కంపెనీ అలాంటిదైతే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కి రాయండి, తప్పులేదు. ఉద్యోగం మాత్రం దానివల్ల తిరిగి రాదు.

మీరు పట్టుకోవాల్సింది లేబర్ ఆఫీసుని. అక్కడ రిజిస్టర్ గొడవ కంటే, మిమ్మల్ని నోటీసు లేకుండా, విచారణ లేకుండా గేటు దగ్గర ఆపేశారన్నదే అసలు కేసు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లను తగ్గించాలన్నా నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి, దానిపైన ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారమూ ఇవ్వాలి. మెయిల్ పెట్టిన తేదీ, ఆపేసిన తేదీ పక్కపక్కన పెడితే ఎందుకు తీసేశారో అధికారికి వేరే చెప్పనక్కర్లేదు.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. అంతకుముందు తీసేస్తే పాత చట్టం లెక్కన 3 ఏళ్లు, ఆ తర్వాతైతే 2 ఏళ్లు. ఎటొచ్చీ మీరు 2 ఏళ్లే అనుకోండి. రాజీ అధికారి దగ్గర 45 రోజుల్లో తేలాలి, తేలకపోతే ఆయన రిపోర్టు అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, ఈ రెండో గడువుని చాలామంది మర్చిపోతారు. ఆగిన జీతానికి పాత చట్టంలో 12 నెలలే ఉండేది, కొత్త దాంట్లో 3 ఏళ్లు. మీకింకా ఏడాది కాలేదు కాబట్టి ఈ నెలలోనే అడిగేయండి.

మీరు సూపర్‌వైజర్ కాబట్టి కార్మికుడు కారని వాళ్ల లాయరు అనొచ్చు. కార్డు మీద హోదా ఏమున్నా, రోజూ చేసిన పనే లెక్క. శాంపిళ్లు తీయడం, ఐసు చూడటం, రాతపని, ఇవన్నీ రాసిపెట్టండి. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసిపెట్టుకోండి, ఆ మెయిల్, వాట్సాప్ మెసేజీలు ఉన్న ఫోను అమ్మొద్దు, మార్చొద్దు. కంపెనీ రిజిస్టర్ ఒరిజినల్ మాత్రం బయటికి తెప్పించకండి, దొంగతనం కేసు పెట్టి మిమ్మల్నే బోనెక్కిస్తారు. ఈ వారమే స్పీడ్ పోస్టులో 'నన్ను ఫలానా తేదీన ఆపేశారు, కారణం రాసివ్వండి, పనిలోకి తీసుకోండి' అని లెటర్ పంపి రసీదు దాచుకోండి.

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మాయి ఇంగ్లండులో కేర్ హోమ్‌లో చేస్తోంది. ముసలివాళ్లకు మందులు సరిగా ఇవ్వడం లేదని ఫిర్యాదు చేస్తే నిన్ననే తీసేశారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి ఈ రాత్రే ఫోన్ చేయండి. అక్కడ ఇలా నిజం చెప్పినవాళ్ల కోసం 1998 నుంచి చట్టం ఉంది, ప్రైవేటు ఉద్యోగులకూ వర్తిస్తుంది, ఇన్నేళ్లు సర్వీసు ఉండాలన్న షరతు లేదు. కానీ గడువు చాలా తక్కువ: తీసేసిన రోజు నుంచి 3 నెలలకు ఒక రోజు తక్కువ. దాన్ని 6 నెలలు చేస్తూ 2025 డిసెంబరులో చట్టం చేశారు, అయినా మీరు పాత గడువే లెక్కపెట్టుకోండి. ఆ లోపల ఏకాస్ అనే రాజీ సంస్థకి దరఖాస్తు పెట్టాలి, అది పెట్టాకే గడువు లెక్క ఆగుతుంది. కేసు తేలేదాకా జీతం ఆగకుండా ఆర్డర్ అడగొచ్చు, దానికైతే ఉద్యోగం పోయిన 7 రోజుల్లోనే ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, ఏకాస్ కోసం ఆగక్కర్లేదు. కంపెనీలో పెట్టుకున్న అప్పీలు నడుస్తోందని ఎవరైనా ఆగమన్నా ఆగొద్దని చెప్పండి. వీసా ఆ కంపెనీ స్పాన్సర్ చేసిందైతే అది వేరే సమస్య, దానికి ఇమిగ్రేషన్ లాయర్ని విడిగా కలవాలి.