పరీక్ష తీరు మార్చు, పిల్లల్ని జట్లు చేయకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఏడో తరగతిలో కొందరు నోటితో చక్కగా చెబుతారనీ, పేపరు చేతికిస్తే ఖాళీగా తిరిగిచ్చేస్తారనీ రాశావు. అందుకని చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని విడదీసి జట్టుకో పరీక్ష పెడతానన్నావు. ఆ జట్లు మాత్రం వద్దు తల్లీ. 2008లో అమెరికాలో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు పరిశీలించి, శైలిని బట్టి బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. "వీడు వినే రకం" అని ముద్ర వేస్తే వాడికి బొమ్మ గీయడం ఎవరు నేర్పుతారు? పరీక్ష తీరు తప్పకుండా మార్చు, అందరికీ మార్చు.

పుష్పం పాఠమే తీసుకో. తలా ఒక మందార పువ్వు ఇచ్చి, భాగాలు విడదీసి కాగితం మీద అంటించి పేర్లు రాయమను. మందారలో కేసరాలు (పుప్పొడినిచ్చే భాగాలు) గొట్టంలా కలిసిపోయి కీలాన్ని (అండాశయం పైనుండే సన్నని కాడను) చుట్టుకుని ఉంటాయి. ఆ గొట్టం చీల్చి లోపలి కీలాన్ని బయటకు తీసి చూపించిన పిల్లకు పాఠం వచ్చినట్టే, స్పెల్లింగు తప్పినా సరే. మరో రోజు దగ్గరకు పిలిచి అడుగు: "ఆకర్షణ పత్రాలు, అంటే రంగు రేకులు, తుంచేస్తే కాయ కాస్తుందా? ఎందుకు?" జవాబులో ఏ రెండు విషయాలు వస్తే మార్కులో ముందే నోట్‌బుక్‌లో రాసుకో. లేకపోతే ధైర్యంగా మాట్లాడేవాడికే మార్కులు పడతాయి.

తరగతి పెద్దదైతే రోజుకు ఐదారుగురిని అడిగితే చాలు, మిగతావాళ్లు రాత పనిలో ఉంటారు. ఎఫ్‌ఏలో (ఏడాది మధ్యలో జరిపే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఇదంతా వాటిలోనే ఇమిడిపోతుంది. కొట్లో కొన్న చార్టుకు మాత్రం ప్రాజెక్టు మార్కులు వేయకు.

అయినా పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాతే కదా. అందుకే నోటితో చెప్పినవాడి చేత అప్పటికప్పుడే ఆ రెండు మాటలూ రాయించు. ఎంత రాయించినా అక్షరాలు తారుమారు చేస్తూనే ఉంటే బద్ధకమని తిట్టకు, అది అభ్యసన వైకల్యం కావచ్చు. అమ్మానాన్నలతో మాట్లాడి మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే కేంద్రంలో) చూపించు. పరీక్షలో లేఖకుడి (చెబితే రాసిపెట్టే మనిషి) సాయం పొందే అర్హత ఉన్నవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. వైకల్య ధ్రువపత్రానికి చాలాసార్లు తిరగాల్సి వస్తుంది, ఏడో తరగతిలోనే మొదలుపెట్టించు.