హార్ట్ ఫెయిల్యూర్ ట్రయల్‌లోకి కిడ్నీ వల్ల రానివ్వలేదా?
మీ నాన్నగారికి 68 ఏళ్లు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) 2.4 అని ట్రయల్‌లోకి తీసుకోలేదని మీరన్నారు. అడ్డుపడింది బహుశా ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో క్రియాటినిన్, వయసుల నుంచి లెక్కగట్టే అంకె. ఆ లెక్కన అది 29 దగ్గర ఉంటుంది, చాలా ట్రయల్స్ 30 లోపైతే వద్దంటాయి.

1. అందరూ వదిలేసేది ఇదే: ఆ రక్తం ఎప్పుడు తీశారు? ఒంట్లో నీరు చేరినప్పుడో, నీరు పోయే మాత్ర డోసు పెంచిన వారంలోనో అయితే అంకె తాత్కాలికంగా పడిపోయి ఉండొచ్చు. నిలకడగా ఉన్నప్పటి పాత రిపోర్టులు చూపించి, మళ్లీ స్క్రీనింగ్‌కు (అర్హత పరీక్షకు) ప్రోటోకాల్ (ట్రయల్ నిబంధనల పత్రం) ఒప్పుకుంటుందా అని అడగండి. అంకె కోసం మందులు మీరే ఆపేయకండి, ప్రమాదం.

2. ఒప్పుకోకపోతే వేరే ట్రయల్ వెతకండి. హద్దు అన్నిటికీ ఒకటి కాదు. ముగిసినవాటిలోనే డాపా-హెచ్ఎఫ్ 30 దగ్గర ఆగింది, ఎంపరర్-రెడ్యూస్డ్ 20 దాకా, విక్టోరియా 15 దాకా తీసుకున్నాయి.