ప్రశ్నలు – జవాబులు: ఫాలౌట్ ఆటల్లో నీళ్ల లెక్క

అణుయుద్ధం తర్వాతి అమెరికాలో సాగే ఫాలౌట్ వరుస వీడియో గేముల గురించి సీమ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. ఈ ఆటలు ఎరుగనివారి కోసం ఒక మాట: 2077 అక్టోబరు 23న బాంబులు పడ్డాయన్నది అన్ని భాగాలకూ ఉమ్మడి పూర్వకథ. వాల్టులనే భూగర్భ ఆశ్రయాల్లో తలదాచుకున్నవారి వారసులూ, పైన ఎలాగో బతికి బయటపడినవారి వారసులూ ఇందులోని పాత్రలు.

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం కాలేజీ రోజుల నుంచి ఈ ఆటలు ఆడుతున్నాము. 1997 నాటి మొదటి భాగాన్ని మించినది లేదని ఒకరు, 2008లో వచ్చిన మూడో భాగమే గొప్పదని మరొకరు అంటారు. నేను 2010 నాటి న్యూ వేగాస్ పక్షం. మీ తీర్పు ఏమిటి?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బొమ్మల నాణ్యతనూ తుపాకులనూ కాసేపు పక్కన పెట్టండి. మీరు అనంతపురం వారు కాబట్టి నీళ్ల సంగతి పట్టుకుని చూడమంటాను. ఈ మూడింటిలోనూ కథ నీళ్ల చుట్టూనే తిరుగుతుంది. ఆ నీళ్ల విషయంలో మీరు తీసుకున్న నిర్ణయాన్ని ఆట ఎంతవరకు గుర్తుపెట్టుకుంటుందన్నదే నా కొలమానం.

మొదటి భాగంలో పదమూడో వాల్టులో నీటిని శుద్ధిచేసే యంత్రపు చిప్ పాడవుతుంది. కొత్త చిప్ తేవడానికి మీకు 150 రోజుల గడువు ఉంటుంది. హబ్ అనే పట్టణంలోని నీళ్ల వ్యాపారులకు డబ్బు కట్టి వాల్టుకు నీళ్లు పంపిస్తే మరో 100 రోజులు కలిసివస్తాయి. కానీ దానివల్ల వాల్టు ఆచూకీ బయటికి పొక్కి శత్రువుల దాడి ముందుకు జరుగుతుంది. ఇక ఆ చిప్ దొరికేది నెక్రోపోలిస్‌లో. అక్కడ రేడియేషన్‌కు ఒళ్లు చెడి, అయినా చావకుండా మిగిలిన ఘూల్స్ ఆ చిప్ మీదే ఆధారపడి నీళ్లు తాగుతుంటారు. మీరు దాన్ని పెరుక్కుని వెళ్లిపోవచ్చు, ఆట మిమ్మల్ని ఆపదు. లేదా మురుగు కాలువల్లో పడి ఉన్న విడిభాగాలను వెతికి తెచ్చి, వారి పాత పంపును బాగుచేసి, ఆ తర్వాత చిప్ తీసుకోవచ్చు. పదేపదే హెచ్చరించే సందేశాలేవీ లేకుండా ఇంత బరువైన విషయాన్ని ఆటగాడి చేతిలో పెట్టడం 1997లో సామాన్యం కాదు. చివరి శత్రువైన మాస్టర్‌ను కూడా, అతడు మనుషుల రూపం మార్చి సృష్టించిన మ్యూటెంట్లకు సంతానం కలగదన్న ఆధారం చూపించి, మాటలతోనే ఓడించవచ్చు. మీ మొదటి మిత్రుడి పట్టుదలకు కారణం నాకు అర్థమవుతుంది.

మూడో భాగంలో వాషింగ్టన్ పరిసరాల నీళ్లన్నీ రేడియేషన్‌తో చెడిపోయి ఉంటాయి. మెగాటన్ ఊరి గేటు బయట ఒక బిచ్చగాడు శుద్ధమైన నీళ్లు పోయమని అడుగుతాడు. సీసా ఇస్తే మీకు పుణ్యం కలుస్తుంది, తర్వాత వచ్చినప్పుడు మళ్లీ అడుగుతాడు. నీళ్ల కరువు మొత్తం ఇలా పుణ్యం పోగుచేసుకునే దారిగా మిగిలిపోయింది. ముగింపు మరీ అన్యాయం. నదీజలాన్ని శుద్ధిచేసే యంత్రాన్ని నడపాలంటే రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లాలి. మీ వెంట ఉన్న ఫాక్స్ అనే మ్యూటెంట్‌కు రేడియేషన్ అంటదు, అయినా అది మీ విధి అంటూ తప్పుకుంటాడు. అభిమానులు మండిపడ్డారు, 2009లో వచ్చిన బ్రోకెన్ స్టీల్ అనుబంధంలో అతణ్ని పంపే వీలు కల్పించారు. అయితే కూలిన మెట్రో సొరంగాల్లో, ఖాళీ బడి గదుల్లో దారి తెన్నూ లేకుండా తిరగడంలో ఉన్న ఆనందం మూడో భాగం ఇచ్చినంతగా న్యూ వేగాస్ ఇవ్వదని మీరు ఒప్పుకోవాలి.

న్యూ వేగాస్‌లో పోరాటమంతా హూవర్ ఆనకట్ట కోసం, అంటే నీళ్లూ కరెంటూ ఎవరి చేతిలో ఉండాలన్నదాని కోసం. నాకు మాత్రం ఆ పెద్ద యుద్ధం కంటే దాని పక్కన నడిచే రెండు చిన్న కథలే ఎక్కువ నచ్చాయి. ఒకదానిలో ఎన్‌సీఆర్ (న్యూ కాలిఫోర్నియా రిపబ్లిక్) ప్రభుత్వ సాగుభూములకు వెళ్లే నీటిని ఒకాయన గుట్టుగా వెస్ట్‌సైడ్ అనే పేదల పేటకు మళ్లిస్తుంటాడు. అది కనిపెట్టిన సైనికుణ్ని చంపేస్తాడు కూడా. అతణ్ని పట్టివ్వాలా, పేట కోసం నిజం దాచాలా అన్నది మీ ఇష్టం. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) చివరి ఆయకట్టులో నీటి పంచాయతీలు చూసినవారికి ఆ కథను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రెండోదానిలో ముప్పై నాలుగో వాల్టు నుంచి కారే రేడియేషన్ అవే పొలాల నీటిని విషం చేస్తుంటుంది. లోపలికి దిగి రియాక్టర్ దగ్గరి కంప్యూటర్ ముందు నిలబడితే, కారుతున్నదాన్ని మూసివేస్తే లోపల చిక్కుకున్న కుటుంబాలు చనిపోతాయనీ, వారిని బయటికి పంపితే పొలాలు ఎండిపోతాయనీ తేలుతుంది. రెండింటినీ కాపాడే మూడో మీట ఎక్కడా లేదు. పైగా హార్డ్‌కోర్ పద్ధతిలో ఆడితే మీ పాత్రకు దాహం, ఆకలి, నిద్ర అన్నీ ఉంటాయి. అబ్సిడియన్ సంస్థ ఇంత ఆటను సుమారు 18 నెలల్లో ముగించింది. విడుదలనాటి లోపాలు ఆ తొందర ఫలితమే.

కనుక తీర్పు మీ వైపే. మొదటి భాగం దానికి దగ్గరలోనే ఉంది, మూడోది కొంత దూరాన ఉంది.

ప్రశ్న: రెండో భాగాన్ని అందరూ ఎందుకు పక్కన పెడతారు?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పక్కన పెట్టదగిన ఆట కాదు. 1998లో, మొదటిది వచ్చిన మరుసటి ఏడాదే విడుదలైంది. కరువుతో అల్లాడే అరోయో గ్రామం కోసం, బంజరు నేలను పచ్చబరిచే గెక్ అనే పరికరాన్ని వెతుక్కుంటూ బయలుదేరే కథ ఇది. గెకో అనే ఊరి విద్యుత్ కేంద్రం లీకై వాల్ట్ సిటీ భూగర్భజలం చెడిపోవడం, ఆ నగరవాసులు గెకోలోని ఘూల్స్‌ను పురుగుల్లా చూడటం, మీరు తలచుకుంటే యంత్రాన్ని బాగుచేసి ఇరువురినీ నిలబెట్టగలగడం ఈ వరుసలోని మేలైన ఘట్టాల్లో ఒకటి. వచ్చిన చిక్కల్లా హాస్యం మోతాదు మించడం, ఆరంభంలోని గుడి పరీక్ష కొత్తవారిని విసిగించడం. ఆ మొదటి గంట ఓపిక పట్టండి.

ప్రశ్న: మూడో భాగం వచ్చినప్పుడు మన దేశంలో విడుదల కాలేదని విన్నాను. నిజమేనా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నిజమే. 2008 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ సాంస్కృతిక సున్నితత్వాలను కారణంగా చూపి, ఎక్స్‌బాక్స్ 360 ఆటను భారతదేశంలో విడుదల చేయడం లేదని ప్రకటించింది. అంతకు మించి వివరం ఇవ్వలేదు. ఆటలో రెండు తలల ఆవులను బ్రాహ్మిన్ అని పిలుస్తారు. అందువల్లేనని చాలామంది ఊహించారు. ఆ ఆవులు 1997 నుంచీ ఉన్నవే.

ప్రశ్న: నాలుగో భాగాన్నీ ఫాలౌట్ 76నూ అసలు రోల్ ప్లేయింగ్ (పాత్రను మన ఇష్టం వచ్చినట్టు మలచుకునే) ఆటలనవచ్చా?
— ఒక పాత అభిమాని, ఆదోని

జవాబు: 2015 నాటి నాలుగో భాగంలో సంభాషణకు ప్రతిసారీ నాలుగే దారులుంటాయి, వాటిలో చాలావరకు ఒకే చోటికి చేరుస్తాయి. పాత్రకు గొంతు ఇవ్వడంతో మన ఊహకు చోటు తగ్గింది. నీళ్ల మాటకు వస్తే, శుద్ధియంత్రాలు వరుసగా నిలబెట్టి సీసాలు అమ్ముకుంటే కొన్నాళ్లకు మీరే ఆ ప్రాంతపు ధనవంతులు. కరువు కథ కాస్తా వ్యాపారమైపోయింది. అయినా తుపాకీ పోరు వరుసలోకెల్లా మెరుగైనది. 2016లో మార్చిన సర్వైవల్ పద్ధతిలో దాహం ఉంటుంది, నిద్రపోతే తప్ప ఆట సేవ్ కాదు, మ్యాపులో ఒకచోట నొక్కి మరోచోటికి దూకడం కుదరదు. అలా ఆడితే నాలుగో భాగం మీద గౌరవం పెరుగుతుంది. 76 మాత్రం 2018లో మాట్లాడటానికి మనిషి పాత్ర ఒక్కటీ లేకుండా వచ్చింది. 2020లో వేస్ట్‌ల్యాండర్స్ మార్పుతో మనుషులను చేర్చారు. మిత్రులతో కలిసి ఆడేట్టయితే కొనండి, ఒంటరిగా అయితే వద్దు.

ప్రశ్న: 2024లో వచ్చిన ఫాలౌట్ టీవీ ధారావాహిక చూశాను. కథాకాలం ప్రకారం ఆటల వరుస చెప్పండి.
— ఒక విద్యార్థి, గుంతకల్లు

జవాబు: 76 కథ 2102లో, మొదటి భాగం 2161లో, రెండోది 2241లో, మూడోది 2277లో, న్యూ వేగాస్ 2281లో, నాలుగోది 2287లో మొదలవుతాయి. మీరు చూసిన ధారావాహిక 2296 నాటిది. అయితే ఆ వరుసలోనే ఆడనక్కరలేదు. న్యూ వేగాస్‌తో మొదలుపెట్టి, నచ్చితే మొదటి భాగానికి వెళ్లండి. ఆ పాత ఆటకు ఖరీదైన కంప్యూటర్ అవసరం లేదు.