మారియోలో విషపు పుట్టగొడుగు మోసమా? మా కావలి అనుభవం

‘సూపర్ మారియో బ్రదర్స్: ది లాస్ట్ లెవెల్స్’ ఆడుతున్న మీ అబ్బాయి, మేలు చేస్తుందనుకుని అందుకున్న పుట్టగొడుగే మారియో ప్రాణం తీయడంతో కంట్రోలర్ విసిరికొట్టాడనీ, ఇలాంటి వాటిని ఆటలో పెట్టడం మోసం కాదా అనీ అడిగారు. అసలుకూ నకిలీకీ తేడా కంటికి కనబడుతున్నంత వరకు అది మోసం కాదని నా అభిప్రాయం. కనబడకపోతే ఏమవుతుందో 1990లలో కావలిలో మా ఇంట్లో చూశాను.

మామయ్య నెల్లూరు నుంచి తెచ్చిచ్చిన వీడియో గేమ్‌ను మేము బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించుకుని ఆడేవాళ్లం. మొదటి మారియో అప్పటికే కంఠతా వచ్చేసింది. అద్దెకు తెచ్చిన మరో క్యాసెట్‌లో ఈ రెండో ఆట ఉంది. మొదటి స్టేజీలోనే ఇటుకను తలతో పొడవగానే పుట్టగొడుగు బయటికి వచ్చింది; “పట్టన్నా, పట్టు!” అని తమ్ముడు అరిచాడు; పట్టుకున్నాను, మారియో చచ్చిపోయాడు. క్యాసెట్ పాడైందనుకుని బయటికి తీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టి మరో మూడుసార్లు అలాగే చచ్చిపోయాము. తరువాత మామయ్య ఇంట్లో కలర్ టీవీలో అదే క్యాసెట్ పెట్టినప్పుడు గాని, మంచి పుట్టగొడుగుకూ దీనికీ ఆకారం దాదాపు ఒకటే అయినా రంగు వేరని మాకు అర్థం కాలేదు.

ఈ ఆట 1986లో జపాన్‌లో మాత్రమే వచ్చింది. 1985 నాటి మొదటి ఆటను అవలీలగా ముగించేసినవారి కోసం చేసినది కాబట్టి, పుట్టగొడుగు కనబడితే చాలు పరుగెత్తే అలవాటునే అది దెబ్బకొడుతుంది. పెద్ద మారియో దాన్ని తాకితే చిన్నవాడవుతాడు, చిన్న మారియో తాకితే పోతాడు, అంటే శత్రువును తాకినట్టే. మరీ కష్టమని అప్పట్లో అమెరికాకు పంపలేదు. 1993లో ‘సూపర్ మారియో ఆల్‌స్టార్స్’లో చేర్చినప్పుడు ఆ పుట్టగొడుగుపై పుర్రె గుర్తు వేశారు.

1994 నాటి మరో వీడియో గేమ్ ‘సోనిక్ 3’లో కూడా ఇలాంటిదే ఉంది. ఉంగరాలో, రక్షణ కవచమో ఇచ్చే పెట్టెల మధ్య విలన్ ముఖం ఉన్న పెట్టె ఒకటి వస్తుంది, దాన్ని పగలగొడితే దెబ్బ తగులుతుంది. ముఖం స్పష్టంగానే ఉంటుంది కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. ఆ వేగంలో చూసే తీరికే ఉండదు, అంతే. లాస్ట్ లెవెల్స్‌లోనే 3-1లో, అంటే మూడో ప్రపంచం మొదటి స్టేజీలో ఉన్న వార్ప్ (నేరుగా మరో ప్రపంచానికి చేర్చే దారి) మాత్రం నాకు నచ్చదు. ముందుకు తీసుకుపోతుందనుకుని కష్టపడి చేరుకుంటే, అది తిరిగి ఒకటో ప్రపంచానికి దించుతుంది.

మీ అబ్బాయికి ఒక్క సంగతి చెప్పండి: ఇటుకను పొడిచాక వెంటనే ఎగరకుండా, పుట్టగొడుగు పూర్తిగా పైకి వచ్చి కదలడం మొదలుపెట్టేదాకా ఆగి రంగు చూడాలి, అనుమానం ఉంటే దానిపై నుంచి దూకేయాలి. మీ టీవీలో రంగులు బాగా తగ్గించి ఉంటే, అబ్బాయిని తిట్టే ముందు వాటిని సరిచేయండి.