పాటా కావాలి, నటనా కావాలి: ఈ నెల మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే. అందరూ అడిగింది టీవీలో నటించడం, పాడడం గురించే. అందుకని మిగతావి వచ్చే నెలకి ఉంచి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పట్నుంచీ పాడుతుంది, కాలేజీలో నాటకాలు కూడా వేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో దాని రీల్ చూసి హైదరాబాద్ నుంచి ఎవరో ఫోన్ చేశారు. కొత్త సీరియల్లో హీరోయిన్ చెల్లెలి పాత్ర ఇస్తారట, టైటిల్ సాంగ్ కూడా తనచేతే పాడిస్తారట. రిజిస్ట్రేషన్‌కీ ఫొటోల పోర్ట్‌ఫోలియోకీ కలిపి అరవై వేలు కట్టమంటున్నారు. మా ఆయన అసలు ఆ ఫీల్డే వద్దంటున్నారు. అమ్మాయి అన్నం మానేసి కూర్చుంది. ఏం చెయ్యమంటారు?
ఓ తల్లి, బొబ్బిలి

జవాబు: కట్టకండమ్మా, ఒక్క రూపాయి కూడా కట్టకండి. సీరియల్లో వేషం ఇచ్చేవాళ్లు ఆర్టిస్టుకి డబ్బులిస్తారు గానీ ఆర్టిస్టు దగ్గర తీసుకోరు. మధ్యలో మేనేజర్లు, కోఆర్డినేటర్లు ఉంటారు, వాళ్లకి కమిషన్ కూడా ఉంటుంది, కాకపోతే అది పని చేశాక, పేమెంట్ చేతికొచ్చాక అందులోంచి తీసుకునేది, ముందే ఫోన్‌పే కొట్టించుకునేది కాదు. పోర్ట్‌ఫోలియో కూడా వాళ్లు చెప్పిన స్టూడియోలోనే తీయించుకోవాలి అన్నారంటే ఇంక ఆలోచించాల్సిన పని లేదు, ఆ నంబరు బ్లాక్ చేసేయండి. మామూలుగా ఆడిషన్‌కి అడిగేది ఫోన్‌లో తీసిన వీడియోనే. పేరు, ఊరు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పడం, ఎడమకీ కుడికీ తిరిగి ముఖం చూపించడం, వాళ్లు పంపిన సీను ఒకటి చేసి పంపడం. దానికి అరవై వేలు ఎందుకవుతాయి?

ఇంకో మాట. టైటిల్ సాంగ్ మీ అమ్మాయిచేతే పాడిస్తాం అన్నారు చూడండి, అక్కడే విషయం తెలిసిపోతోంది. ఆ పాట ఎవరు పాడాలో తేల్చేది సంగీత దర్శకుడు, అదీ ట్రాక్, అంటే నమూనాగా పాట పాడించి విన్నాక. గొంతు మైకు ముందు వినకుండా ఫోన్‌లోనే పాట ఖాయం చేసేశారంటే, మీ అమ్మాయి ఆశ ఏమిటో కనిపెట్టి అదే అమ్ముతున్నారన్న మాట. ఇప్పటికే అడ్వాన్సు కింద ఏమైనా పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మెసేజీలు, స్క్రీన్‌షాట్లు ఏవీ తీసేయొద్దు.

ఇక మీ ఆయన సంగతి. ఆయన వద్దన్నది ఈ ఫోన్ కాల్‌నైతే నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఫీల్డునే వద్దంటున్నారు కాబట్టి, అక్కడ పని ఎలా ఉంటుందో మీ ముగ్గురూ కూర్చుని చదవండి. సీరియల్ అంటే వారానికి ఐదారు ఎపిసోడ్లు, అరగంటలో ప్రకటనలు పోగా ఇరవై, ఇరవై రెండు నిమిషాల కథ రోజూ తయారవ్వాలి. పొద్దున్న మేకప్‌కి కూర్చుంటే రాత్రి తొమ్మిదికో ఆ పైనో ప్యాకప్. డైలాగు పేపరు చాలాసార్లు షాట్‌కి ముందే చేతికొస్తుంది, అసిస్టెంట్ డైరెక్టర్ పక్క నుంచి ప్రాంప్టింగ్ ఇస్తుంటే అందుకుని చెప్పాలి. బయటివాళ్లకి తెలియని ఖర్చు ఒకటుంది: చీరలు, నగలు చాలామంది ఆర్టిస్టులు సొంతంగానే కొనుక్కుంటారు, ఈ వారం కట్టిన చీర వచ్చే వారం కడితే చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. హైదరాబాద్‌లో కృష్ణానగర్‌లోనో యూసుఫ్‌గూడలోనో హాస్టల్ అద్దె, ఆటో ఖర్చులు వేరే. ఇవన్నీ తెలిసి కూడా వెళ్తానంటే మంచిదే, డిగ్రీ పూర్తయ్యాక వెళ్లనివ్వండి, మొదటి ఆడిషన్‌కి మీరో మీ ఆయనో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పక్కనే ఉండండి. తోడొస్తామంటే వద్దనే ఆఫీసు అయితే ఆ గుమ్మం లోంచే వెనక్కి వచ్చేయండి. ఈ రెండేళ్లూ ఏం చేయాలో కింద మిగతావాళ్లకి రాసిన జవాబుల్లో ఉంది, అవీ అమ్మాయిచేత చదివించండి.

ప్రశ్న: పాత సినిమాల్లో నటీమణులు తమ పాటలు తామే పాడుకునేవారు. భానుమతి గారి తరవాత ఆ తరహా మనిషి ఎందుకు రాలేదు? టీవీలోనైనా నటి వేరు, గాయని వేరు ఎందుకయ్యారు?
విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు రాయడం నాకు చాలా ఇష్టమైన పని. నటి తన పాట తనే పాడుకోవడం మొదట్లో ఇష్టం కాదు, అవసరం. 1930ల్లో షూటింగ్ జరుగుతుండగానే పాట రికార్డయ్యేది, వాద్యకారులు కెమెరాకి కనపడకుండా పక్కనే కూర్చుని వాయించేవారు. పాడలేని మనిషికి వేషమే లేదు. మన సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావు గారు సంగీత దర్శకుడు కాకముందు, బాలుడిగా కృష్ణుడి వేషం వేసి పాడుకుంటూ సినిమాల్లోకి వచ్చినవారే. తరవాత ప్లేబ్యాక్ వచ్చింది. పాట ముందే రికార్డు చేసి సెట్లో పెదవులు కలిపితే చాలు అన్నాక, ముఖానికి ఒకరు, గొంతుకి ఒకరు అయిపోయారు.

భానుమతి గారు ఆ మార్పుకి తల వంచలేదు. 1939లో ‘వరవిక్రయం’తో తెరమీదికి వచ్చేనాటికి ఆవిడ చిన్నపిల్ల, అందులోనే త్యాగరాజ కీర్తన పాడారు. ప్లేబ్యాక్ రాజ్యమేలుతున్న రోజుల్లో కూడా తన పాట తనే పాడారు. నటించారు, పాడారు, దర్శకత్వం చేశారు, కథలు రాశారు, భర్త రామకృష్ణారావు గారితో కలిసి భరణీ పిక్చర్స్ నడిపారు, పెద్ద వయసులో చెన్నైలో ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా చేశారు. ఎస్. వరలక్ష్మి గారూ తన పాత్రలకి తనే పాడుకున్నారు. టంగుటూరి సూర్యకుమారి గారి దారి ఇంకా దూరం పోయింది. ‘మా తెలుగుతల్లికి మల్లెపూదండ’ అంటే ఇప్పటికీ మన చెవుల్లో మోగేది ఆవిడ గొంతే, సినిమాల్లో నటించి, అమెరికా రంగస్థలం మీదా నటించి, చివరికి లండన్‌లో స్థిరపడి మన పాటా నాట్యమూ అక్కడివాళ్లకి నేర్పారు.

అయితే మన ఊరి సుశీల గారిని చూడండి. 1935లో విజయనగరంలో పుట్టి, మీరు రోజూ దాటి వెళ్లే ఆ సంగీత కళాశాలలోనే చదువుకుని, మద్రాసు వెళ్లి రేడియోలో పాడుతూ సినిమాల్లోకి వచ్చారు. ఆవిడ ముఖం తెరమీద కనిపించలేదు, ఎంతమంది హీరోయిన్లకో ఆవిడ గొంతే ప్రాణం. ఐదుసార్లు జాతీయ అవార్డు, 2008లో పద్మభూషణ్, 2016లో 17,695 పాటలకి గిన్నిస్ రికార్డు. నా అభిప్రాయం అడిగితే, భానుమతి గారి లాంటి మనిషి మళ్లీ రాకపోవడానికి ఒక కారణం సుశీల, జానకి గార్ల లాంటి గాయనులు ఉండడమే. అంత బాగా పాడేవాళ్లు దొరుకుతుంటే నటిని కూడా పాడమని ఏ నిర్మాత అడుగుతాడు?

టీవీలో ఈ విడిపోవడం ఇంకా ముదిరింది. తెలుగు సీరియళ్లలో కథానాయికలు చాలామంది బెంగళూరు నుంచి వస్తారు, వాళ్ల మాటలకి కూడా వేరేవాళ్ల గొంతే. పాట సంగతి అలా ఉంచండి, ఏడుపు కూడా డబ్బింగ్ థియేటర్లోనే తయారవుతుంది. ఒకటి గమనించారో లేదో, మధ్యలో హీరోయిన్ మారిపోతే రెండు రోజులు వింతగా ఉండి తరవాత అలవాటైపోతుంది. చాలాసార్లు గొంతు మారకపోవడం వల్లే ఆ అలవాటు తొందరగా అవుతుంది. ముఖం కన్నా గొంతుకే ఆయుష్షు ఎక్కువని నేను నమ్మేది అందుకే.

ఆ రెండు దారుల్నీ మళ్లీ కొంత దగ్గరికి తెచ్చింది సునీత గారు. 1995లో ‘గులాబీ’ పాటతో గాయనిగా వచ్చి, టీవీలో యాంకర్‌గా ముఖం పరిచయమై, డబ్బింగ్‌లో ఎందరో నటీమణులకి మాట అయ్యారు. ‘శ్రీరామరాజ్యం’లో నయనతార సీతమ్మగా మాట్లాడుతుంటే మనం విన్నది సునీత గారినే. కెమెరా ముందు నటించకపోయినా అది నటన కాదని ఎవరనగలరు మాస్టారూ?

ప్రశ్న: అక్కా, నేను పలాస దగ్గర పల్లెటూరి అమ్మాయిని. నటన, పాట రెండూ వచ్చు. ఒక ఆడిషన్‌లో నా మాట వినగానే నవ్వి, ‘పనిమనిషి క్యారెక్టర్ ఉంటే చెబుతాం’ అన్నారు. నా యాస మార్చుకోవాలా?
ఓ చెల్లెలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చదవగానే కడుపు రగిలింది చెల్లీ. ‘ఏటి’ (ఏమిటి), ‘బేగి రా’ (త్వరగా రా) అంటే చాలు, కామెడీకో ఇంటిపనికో పెట్టేయడం టీవీలో ఎన్నాళ్లుగానో ఉన్న జబ్బు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మీ శ్రీకాకుళం జిల్లాలోనే, పర్వతాలపేటలో. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో విజయనగరంలో. నాటకంలో మనుషులు మనుషుల్లా మాట్లాడాలని దేశానికి చూపించిన చోటు నుంచి వచ్చిన పిల్లని మాట విని నవ్వుతారా?

కోపం సంగతి అలా ఉంచి పని సంగతి చెబుతాను. యాస వదిలేయకు, రెండోది నేర్చుకో. రోజూ రేడియో వార్తలు విని అలాగే గట్టిగా చదువు, ఫోన్‌లో రికార్డు చేసి విను. మనవైపు వాళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టేది వాక్యం చివర లాగే తీరే, ఒక్కో మాట పలికే తీరు కాదు. అది పట్టుబడితే మిగతాది దానంతటదే వస్తుంది. ఇంట్లో, ఊళ్లో మాత్రం నీ మాటే మాట్లాడు, రేపు ఉత్తరాంధ్ర పాత్ర వస్తే హైదరాబాద్‌లో నేర్చుకుని వచ్చినవాళ్ల కన్నా నువ్వే ముందుంటావు.

డబ్బింగ్ కూడా ప్రయత్నించు. నువ్వు పాడతావు కాబట్టి ఇది నీకు తొందరగా పట్టుబడుతుంది. అక్కడ ఎలా ఉంటుందంటే, చిన్న గది, ఏసీ చప్పుడు కూడా వినపడకూడదు, చెవులకి హెడ్‌ఫోన్స్, ఎదురుగా స్క్రీను, మైకు, పక్కన స్టాండు మీద డైలాగు పేపర్లు. సీను ఒకసారి వేసి చూపిస్తారు, రెండోసారికి నువ్వు చెప్పాలి. ఆ అమ్మాయి పెదవి ఎక్కడ తెరిచిందో అక్కడ మొదలవ్వాలి, ఎక్కడ మూసిందో అక్కడ ఆగాలి, మధ్యలో ఆమె ఊపిరి పీలిస్తే నువ్వూ పీల్చాలి. పేజీ తిప్పితే చప్పుడు రికార్డైపోతుందని అనుభవం ఉన్నవాళ్లు పేపర్లు ముందే విడదీసి పక్కపక్కన పరుచుకుంటారు. గాజులు తీసి పక్కన పెడతారు. సింక్, అంటే పెదవికీ మాటకీ జత, కుదరకపోతే ఇన్‌ఛార్జి ఇంకోటి అంటాడు, మళ్లీ ఇంకోటి అంటాడు. తాళం తెలిసినవాళ్లు ఇక్కడ బతికిపోతారు, ఎక్కడ ఎత్తుకోవాలో వాళ్లకి ఒంట్లోనే తెలుస్తుంది.

హైదరాబాద్ దాకా వెళ్లే ముందు ఆకాశవాణి విశాఖపట్నం ఉంది. లలిత సంగీతానికి ఆడిషన్లు పెడతారు, నాటకానికి విడిగా పెడతారు. ప్రకటన ఎప్పుడొస్తుందో కనుక్కుంటూ ఉండు. సంగీతంలో బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడులుంటాయి, బి గ్రేడ్ వచ్చినా చిన్న విషయం కాదు, నీ గొంతుని నిన్నెరగనివాళ్లు విని ఒప్పుకున్నట్టు. ఆ ఆడిషన్ గదిలో నీ ముఖం చూసి నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు.

ప్రశ్న: సీరియల్ నటులకి రోజుకి ఎంత ఇస్తారు?
నరసన్నపేట పాఠకుడు

జవాబు: అందరికీ ఒక రేటు లేదండీ. లెక్క మాత్రం రోజుల్లోనే, నెలకి ఇన్ని రోజులు పిలుస్తాం అని మాట్లాడుకుంటారు, కథలో మీ పాత్ర ఊరెళ్లిపోతే ఆ నెల పిలుపూ ఉండదు. చేసిన పనికి డబ్బు వెంటనే రాదు, కొన్నాళ్లు ఆగి వస్తుంది. ఒప్పుకునే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: రోజుకి ఎంత, నెలకి కనీసం ఎన్ని రోజులు, పేమెంట్ ఎన్నాళ్లకి.

ప్రశ్న: నాకు ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. పెళ్లికి ముందు పాడేదాన్ని. ఇప్పుడు సంగీతం మొదలుపెడితే ఎవరైనా నవ్వుతారా? టీవీ పాటల పోటీలకి పనికొస్తానా?
ఓ గృహిణి, ఆమదాలవలస

జవాబు: నవ్వేవాళ్లు మీకు వంట చేసి పెట్టరు, పిల్లల్ని స్కూల్లో దింపరు, వాళ్ల గురించి టెన్షన్ పడకండి. టీవీ పోటీలకి చాలావాటికి వయసు పరిమితి ఉంటుంది, 1996లో బాలుగారితో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగా దగ్గర్నుంచీ వాటిలో వెలుగులోకి వచ్చినవాళ్లు ఎక్కువమంది చిన్నవయసు వాళ్లే. కాబట్టి పోటీని గురిగా పెట్టుకోవద్దు. పాటని పెట్టుకోండి. అమ్మ పాత్రలకీ అత్త పాత్రలకీ డబ్బింగ్ చెప్పడానికి కాస్త వయసొచ్చిన గొంతే కావాలి, భక్తి పాటల రికార్డింగులకి కోరస్ కావాలి, రేడియో నాటకం ఉంది.

విజయనగరం మీకు దగ్గరే. మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల గారు మధూకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడిగి తింటూ చదువుకున్నది అక్కడే. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం ఇవన్నీ చెబుతారు, సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. ఒకరోజు పిల్లలు స్కూలుకెళ్లాక రైలెక్కి వెళ్లి ఆఫీసులో మీ వయసు చెప్పి ఏ కోర్సులో చేరొచ్చో, క్లాసులు ఏ వేళల్లో ఉంటాయో అడగండి. రోజూ వెళ్లిరావడం కుదరకపోతే మీకు దగ్గరలో ఇంటి దగ్గర పాఠం చెప్పే గురువు ఎవరున్నారో అక్కడే వాకబు చేయండి, ఆ కాలేజీలో చదువుకున్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఈలోగా పొద్దున్నే పిల్లలు లేవకముందు ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని, సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు పాడండి. పాత సినిమా పాటలు తరవాత చూసుకోవచ్చు.