ఎడమ చేతికి బీపీ రావట్లేదు, కుడి చేతికి 168.. మా చెల్లికి ఈ వయసులో బీపీ ఏంటి?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా చెల్లెలికి 23 ఏళ్లు. నాలుగైదు నెలల నుంచి ఒకటే నీరసం, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది, బరువు కూడా తగ్గింది. బట్టలు పిండినా, జొన్నరొట్టె తట్టినా ఎడమ చెయ్యి గుంజేసి పడిపోతోంది అంటుంది, కాసేపు ఆపితే తగ్గుతుంది. టీబీ ఏమో అని తెమడ పరీక్ష, ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. రక్తం 9.8, ఈఎస్ఆర్ 62 ఉంది. మొన్న ఏఎన్ఎం ఎడమ చేతికి బీపీ చూస్తే మిషన్ ఎర్రర్ చూపించింది, బ్యాటరీలు మార్చినా అంతే, అదే మిషన్ మా అమ్మకు పెడితే బాగానే వచ్చింది. కుడి చేతికి పెడితే 168/100. టెన్షన్ వల్ల అన్నారు. పెళ్లి సంబంధాలు చూస్తున్నాం, భయంగా ఉంది డాక్టర్ గారూ.

జవాబు: ముందు ఒక మాట, మీ మిషన్ బాగానే ఉంది. మీ అమ్మగారికి రీడింగ్ వచ్చి చెల్లికి ఎడమ చేతికి మాత్రమే రాలేదంటే ఆ చేతికి రక్తం సరిగ్గా అందట్లేదేమో అని ఆలోచించాలి. 23 ఏళ్ల పిల్లకి 168/100 అంటే టెన్షన్ అని పంపించే విషయం అస్సలు కాదు, ఈ వయసులో ఇంత బీపీ ఉంటే దాని వెనక కారణం వెతికి తీరాలి. ఉత్తరం చదివి ఫలానా జబ్బే అని తేల్చలేను గానీ మీరు రాసినవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు గట్టిగా అనుమానం వచ్చేది టకయాసు ఆర్టిరైటిస్ మీద.

పేరు వినగానే బెదిరిపోవద్దు. 1908లో జపాన్‌లో టకయాసు అనే కంటి డాక్టర్ ఒక 21 ఏళ్ల అమ్మాయి కంట్లో రక్తనాళాలు వింతగా అల్లుకుపోయి ఉండటం చూసి మొదట చెప్పారు, అలాంటి వాళ్లకి మణికట్టు దగ్గర నాడి దొరకట్లేదని అప్పుడే వేరే డాక్టర్లు కూడా గమనించారు, అందుకే దీన్ని నాడి అందని జబ్బు అని కూడా అంటారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, దాని నుంచి చేతులకి, మెదడుకి, కిడ్నీలకి వెళ్లే కొమ్మలు, వీటి గోడలు వాచి మందమై లోపల దారి సన్నబడిపోతుంది. డ్రిప్ పైపు మధ్యలో నొక్కుకుపోతే చివర చీనీ చెట్టుకి నీళ్లు అందవు చూడండి, అదే పరిస్థితి. ఊరికే కూర్చున్నప్పుడు ఆ కొంచెం రక్తం చేతికి సరిపోతుంది, రొట్టె తట్టేటప్పుడు కండకి ఎక్కువ కావాలి, అది రాదు, చెయ్యి గుంజేస్తుంది, ఆపగానే తగ్గుతుంది. ఈ పని చేస్తే నొప్పి, ఆపితే తగ్గడం అనేది చాలా ముఖ్యమైన గుర్తు, డాక్టర్ దగ్గర ఈ మాట ఇలాగే చెప్పండి, ఊరికే చెయ్యి నొప్పి అంటే నరం పట్టేసిందనో మెడ ఎముక అరిగిందనో అనుకునే ప్రమాదం ఉంది.

మరి బీపీ ఎందుకు పెరిగింది అంటే, మన దేశంలో ఈ జబ్బు కడుపులోని పెద్ద రక్తనాళానికి, కిడ్నీ రక్తనాళాలకి రావడం ఎక్కువ. కిడ్నీకి రక్తం తగ్గితే అది ఒంట్లో బీపీ పడిపోయిందని అనుకుని రెనిన్ అనే పదార్థం వదులుతుంది, దాంతో మొత్తం ఒంటి బీపీ పైకి పోతుంది. ఈ జబ్బు వచ్చేవాళ్లలో పదిలో ఎనిమిది తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ 40 లోపు వాళ్లే ఎక్కువ, ఆ వయసు ఆడపిల్ల నీరసం అంటే మనింట్లో ఎవరు పట్టించుకుంటారు చెప్పండి, రక్తం తక్కువ, సరిగ్గా తినదు, పెళ్లి టెన్షన్ అని ఏదో ఒకటి అనేసి ఐరన్ మాత్రలిచ్చి పంపిస్తారు. నిజంగా రక్తం తక్కువగా కూడా ఉంటుంది కాబట్టి అందరూ అక్కడే ఆగిపోతారు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం చూసి టీబీ వెతకడం తప్పేమీ కాదు, వెతకాల్సిందే, కానీ టీబీ లేదని తేలాక ఫైల్ మూసేస్తేనే ప్రమాదం, ఈ జబ్బు ఏళ్లకి ఏళ్లు బయటపడకుండా ఉండిపోయేది అక్కడే.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. వచ్చే నెల చూద్దాం అనుకోకండి, ఈ వారంలోనే అనంతపురం సర్వజన ఆసుపత్రి మెడిసిన్ ఓపీకో, మీకు వీలైతే కర్నూలు పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. రెండు చేతులకీ రెండు కాళ్లకీ బీపీ చూడమని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. రెండు చేతుల మధ్య పై నంబర్‌లో 10 లోపు తేడా చాలామందిలో ఉండేదే, 20 దాటితే మాత్రం వదలకూడదు. మెడ దగ్గర, కాలర్ ఎముక కింద, బొడ్డు చుట్టూ స్టెతస్కోప్ పెట్టి వింటే సన్నబడిన చోట రక్తం బుస్సుమని పోయే శబ్దం వినిపిస్తుంది, పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. తర్వాత రక్తనాళాల్లో దారి ఎక్కడ సన్నబడిందో చూపించే స్కాన్‌లు, అంటే డాప్లర్, సీటీ యాంజియో లేదా ఎమ్మార్ యాంజియో, గుండెకి ఎకో, కిడ్నీకి క్రియాటినిన్, కంటి పరీక్ష. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే పట్టుకెళ్లి ఏది కవర్ అవుతుందో అక్కడి కౌంటర్‌లో ముందే అడగండి. ఇంకోటి, ఈఎస్ఆర్ అంటే ఒంట్లో వాపు ఉందేమో చెప్పే రక్త పరీక్ష, అది తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు, కొందరికి ఈఎస్ఆర్ నార్మల్‌గా ఉండి కూడా లోపల వాపు నడుస్తూనే ఉంటుంది.

ఇదే జబ్బు అని తేలితే రుమటాలజీ డాక్టర్ (కీళ్లవాతం, ఇలాంటి వాపు జబ్బులు చూసేవాళ్లు) చూడాలి, హైదరాబాద్ నిమ్స్‌లో, వేలూరు సీఎంసీలో ఆ విభాగాలున్నాయి. మొదట స్టెరాయిడ్ ఇస్తారు, దాంతోపాటు మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ లాంటి వాపుని అణిచే మందుల్లో ఒకటి. స్టెరాయిడ్ అనగానే భయపడి పది రోజులకే ఆపేసేవాళ్లని చూస్తుంటాం, దయచేసి ఆ పని చేయొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలే తప్ప టక్కున ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు, రోజూ వేసుకుంటే విషం, చీటీ మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో రాయించుకోండి. నాళం బాగా మూసుకుపోతే బెలూన్ వేసి తెరవడమో బైపాసో అవసరం పడొచ్చు, అవి వాపు తగ్గాక చేస్తేనే నిలుస్తాయి, అందుకే ఎవరైనా వెంటనే స్టెంట్ వేసేద్దాం అంటే అత్యవసరమా కాదా అని అడిగి తెలుసుకోండి. బీపీ మందు కూడా సొంతంగా మెడికల్ షాపులో కొని వేయొద్దు, రెండు కిడ్నీల నాళాలూ సన్నబడి ఉంటే కొన్ని రకాల బీపీ మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి. ఇకమీదట ఎక్కడికెళ్లినా బీపీ కుడి చేతికే చూడమనండి, ఎడమ చేతి నంబర్ నమ్మితే బీపీ లేదనుకుని మందు ఆపేస్తారు, కుడి చెయ్యి కూడా సన్నబడితే కాలికి చూడాలి.

మూతి వంకరపోవడం, మాట తడబడటం, కళ్లు మసకబారడం, ఛాతీలో నొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఓపీ టైమ్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

పెళ్లి సంగతి అడిగారు. ఇది అంటువ్యాధి కాదు, పక్కన కూర్చుంటే రాదు. జబ్బు అదుపులో ఉండి బీపీ కంట్రోల్‌లో ఉంటే పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, కంటున్నారు కూడా, కాకపోతే గర్భానికి ముందే ప్లాన్ చేసుకోవాలి, మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్ వాడుతూ గర్భం రాకూడదు, డాక్టర్‌కి ముందే చెప్తే నెలల ముందు వేరే మందుకి మారుస్తారు. సంబంధం వాళ్లకి దాచి చేస్తే రేపు అత్తారింట్లో ఆ పిల్ల చాటుగా మాత్రలు మింగలేక ఆపేస్తుంది, అది జబ్బు కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. సంబంధాలు ఒక ఆరు నెలలు పక్కన పెట్టండి, ముందు పరీక్షలు కానివ్వండి, యాంజియో రిపోర్ట్ వచ్చాక నాలుగు చోట్ల బీపీ ఎంతెంత ఉందో రాసి మళ్లీ పంపండి, చూసి చెప్తాను.